తొంభై ఏడు మార్కుల కమిటీ

నమోదు 1. వానకు 70 రోజులు.

కమిటీ మినిట్స్ రాసే పని నాది కాదు. అది లేఖిని అనే యంత్రం పని. దానికి జీతం లేదు, కునుకు లేదు, సిగ్గు అసలే లేదు. అది రాసినదాన్ని ఒక మనిషి రికార్డింగు విని సరిచూసి, కింద "విన్నాను, సరిపోయింది" అని సంతకం పెట్టాలని చట్టం. ఆ మనిషిని నేను. పొన్నాడ హైమవతి, వయసు యాభై ఏడు, కొత్తగట్టు నీటి బ్యాంకు రిస్క్ కమిటీ లేఖకురాలు. ఈ పుస్తకం మాత్రం నా సొంతం. ఇందులో నా కడుపుమంట నా ఇష్టమొచ్చినట్టు రాసుకుంటాను.

పొద్దున్నే ఖజానా దగ్గరికి దిగి కొలబద్ద చూసి బోర్డు మీద రాశాను. డెబ్భై అయిదు రోజుల నీళ్లున్నాయి. వాన కార్యాలయం చెప్పిన తేదీకి డెబ్భై రోజులుంది. సముద్రం మా బావులన్నిటినీ ఉప్పు చేసేసి ముప్పై ఏళ్లయింది కాబట్టి, వానాకాలంలో ఇంటి కప్పు మీద పడిన ప్రతి చుక్కనీ మీటరు గుండా మా దగ్గర పోసి దాచుకుంటారు జనం. గట్టు మీది వాళ్లూ పోస్తారు, పల్లం వాళ్లూ పోస్తారు. పాసుబుక్కులో లీటర్లుంటాయి గానీ మేం రోజుల్లోనే మాట్లాడతాం. మిగులు అయిదు రోజులు. అంటే బ్యాంకు బతికి బట్టకట్టినట్టే, ఎవరూ తెలివితేటలు చూపించకపోతే.

తెలివితేటలకి ఇక్కడ కొదవలేదు. మా సమావేశపు గది గోడకి ఇత్తడి ఫ్రేములో "97" అని ఒక అంకె వేలాడుతుంది. అది మా రిస్క్ కమిటీ భిన్నత్వ సూచిక. వందకి తొంభై ఏడు. తీరం మొత్తం మీద మాదే మొదటి స్థానం. కొన్నేళ్ల క్రితం ఎవరో పరిశోధకులు నలభై నీటి బ్యాంకుల లెక్కలు ముందేసుకుని, రిస్క్ కమిటీలో రకరకాల మనుషులున్న చోట ఖజానా ఎక్కువ నిండుతోందని తేల్చారు. నిజమే అయ్యుంటుంది. అయిదుగురు అయిదు వైపుల నుంచి చూస్తే ఎవరో ఒకరికి గొయ్యి కనబడుతుంది కదా! ఆ మాట పెద్దల చేతిలో పడి ఫారం అయింది. ఫారం నిండా గళ్లు. గడికో మార్కు. మనుషులు దొరికారు, గళ్లు నిండాయి, ఫ్రేము కట్టించారు.

నమోదు 2. వానకు 68 రోజులు.

ఇవాళ సమావేశం. అయిదుగురూ వచ్చారు.

అధ్యక్షుడు మార్తాండరావు గారు. ఆయనది ఏ గడీ కాదు. ఆయన బ్యాంకు పుట్టినప్పటి నుంచీ ఉన్నారు, గోడలాగా. ఆయన పక్కన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, వయసు గడికి. ఆ పక్కన సీమ నుంచి వచ్చిన పెద్దాయన, ప్రాంతం గడికి. తర్వాత రిటైరైన పశువైద్యుడు, మతం గడికి. చివరి కుర్చీలో గరికిన నూకరత్నం. ఆవిడ ఒక్కతే నాలుగు గళ్లు నింపింది: ఆడమనిషి, మత్స్యకార, పల్లం వార్డు, కాలేజీ మెట్టెక్కని మనిషి. ఆవిడ దొరికిన రోజు మార్తాండరావు గారు ఆఫీసంతటికీ లడ్డూలు పంచారు. నాకూ ఒకటి వచ్చింది, తిన్నాను.

నూకరత్నం తప్ప అందరి చెవుల్లోనూ చెవిపూసలున్నాయి. ఏం అనాలో నెమ్మదిగా చెవిలో చెప్పే సలహా పూసలు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రేటు, ఒకే బుర్ర.

తేటజల అనే కంపెనీ మనిషి వచ్చి రెండు గంటలు బొమ్మలు చూపించాడు. వాళ్లు సముద్రంలో కొత్త యంత్రం పెట్టారట, ఉప్పునీళ్లని మంచినీళ్లు చేస్తుందట. దాని పొరలు ముందు మంచినీళ్లలో నానాలట. అందుకు మా ఖజానా నుంచి ఇరవై రెండు రోజుల నీళ్లు అప్పు కావాలి, రెండు విడతల్లో. ముప్పై రోజుల్లో ఇరవై ఎనిమిది రోజుల నీళ్లు తిరిగిస్తారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. ఏ అప్పయినా అడిగేటప్పుడు బ్రహ్మాండంగానే ఉంటుంది.

ఖజానాలో నాలుగో వంతు దాటిన అప్పుకి అయిదుగురూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఫైలు మూసెయ్యాల్సిందే. పూర్వం చేతులెత్తేవారు. ఇప్పుడది మోటుతనమట. మాటల్లోంచే ఎవరు ఒప్పుకున్నారో లేఖిని పసిగడుతుంది. దీని పేరు సహజ సమ్మతి.

"రిస్కు పరిమితిలోనే ఉంది. అవకాశం వదులుకోవడమే అసలు రిస్కు" అంది చిన్నమ్మాయి.

"రిస్కు పరిమితిలోనే ఉండాది. అవకాశం వదులుకునేదే అసలు రిస్కు" అన్నారు సీమ పెద్దాయన.

పశువైద్యుడు గొంతు సవరించుకుని, అక్షరం పొల్లు పోకుండా అదే అన్నారు. నేను నవ్వాపుకోలేక తల దించుకుని కాగితాలు సర్దుకున్నాను. ఇదీ తొంభై ఏడు మార్కుల భిన్నత్వం! ముగ్గురు మనుషులు, మూడు జిల్లాల యాసలు, ఒక్క వాక్యం.

నూకరత్నం మాత్రం ఆ కంపెనీ కుర్రాడు చెబుతున్నంతసేపూ అతని మొహంలోకే చూస్తూ "ఊఁ... ఊఁ..." అంటూ కూర్చుంది. చివర్లో ఒక్క మాట అడిగింది.

"బాబూ, ఆ నీళ్లు తోడే గొట్టం నోరు ఏ పక్కకున్నాదండీ? ఉత్తరం పక్కకా, దచ్చినం పక్కకా?"

కుర్రాడు బొమ్మలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. మార్తాండరావు గారు నవ్వి, "అవన్నీ ఇంజనీర్లు చూసుకుంటారమ్మా. మీరు టీ తాగండి, చల్లారిపోతోంది" అన్నారు.

"మరి నాను ఆలోసించి సెప్తాను" అంది నూకరత్నం, టీ కప్పు అందుకుంటూ. అప్పటికే కుర్చీలు జరుగుతున్నాయి. గోడ మీద పచ్చదీపం వెలిగింది: ఏకగ్రీవం.

నమోదు 3. వానకు 62 రోజులు.

ఇవాళ సంతకం గడువు. రెండు గంటల రికార్డింగూ కూర్చుని విన్నాను.

లేఖిని నూకరత్నం పేరు ఎదురుగా ఇలా రాసింది: "సమ్మతి వ్యక్తం చేసిన సందర్భాలు: 43. అభ్యంతరాలు: 0. పరిధిలో లేని ప్రశ్న: 1."

నలభై మూడు! ఎక్కడివా అని వెతికితే, అవన్నీ ఊఁలు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మనం ఊ కొడతామే, అవి. చిన్నప్పుడు మా నాయనమ్మ కథ చెబుతూ మధ్యలో ఆగి "ఊ కొట్టవేమే, నిద్రపోయావా?" అని గిల్లేది. ఊ కొట్టడమంటే చెవి ఇటే ఉంది, చెప్పుకో అని మర్యాద. అంతే తప్ప, నీ మాటకి ఒప్పుకున్నానని కాదు. ఈ సంగతి తెలుగు పుట్టుక పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. లేఖినిని ఎవరు ఎక్కడ తయారుచేశారో గానీ, దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పగలబడి నవ్వాను. ఆ తర్వాత కాసేపు నవ్వు రాలేదు.

సరిదిద్దే అధికారం నాకుంది. "సరిపోలేదు" అని గీత కొడితే చాలు, అప్పు ఆగిపోతుంది. ఆగితే మార్తాండరావు గారు కారణం అడుగుతారు. తేటజల కంపెనీలో ఆయన తోడల్లుడున్నాడని ఆఫీసు ప్యూను దగ్గర్నుంచి అందరికీ తెలుసు. నాకు ఇంకో పద్నాలుగు నెలల సర్వీసుంది. గట్టు మీద, కుళాయి నేరుగా ఇంట్లోకొచ్చే ఈ రెండు గదుల ఇల్లు ఉద్యోగంతో వచ్చింది. దాంతోనే పోతుంది కూడా. అయినా ఆవిడకంత పట్టింపుంటే నోరు తెరిచి కాదనొచ్చుగా? నాలుగు గళ్లు నింపిన మనిషి, నోట్లో నాలుక లేదా? ఆవిడ తరఫున నేను కొరివితో తల గోక్కోవాలా?

"విన్నాను, సరిపోయింది." సంతకం పెట్టాను. తర్వాత ఇంటికొచ్చి, కుళాయి తిప్పి, కాళ్లు కడుక్కున్నాను.

నమోదు 4. వానకు 58 రోజులు.

మొదటి విడత గేటు ఎత్తారు. పదకొండు రోజుల నీళ్లు. పూలదండ, కొబ్బరికాయ, ఫొటోలు. కొబ్బరి నీళ్లు కింద పోనివ్వకుండా మార్తాండరావు గారు గిన్నెలో పట్టించి ఫొటోకి చూపించారు. పొదుపట. ఆ వెనకే నీళ్లు గొట్టంలో పడి హోరుమంటూ పోతున్నాయి.

కొలబద్ద చూసి బోర్డు మీద యాభై రెండు రాశాను. ఇన్నాళ్లూ మిగులు అంకె కింద పచ్చగీత గీసేదాన్ని. ఇవాళ మొదటిసారి ఎర్రగీత గీయాల్సొచ్చింది. ఆరు రోజులు తక్కువ.

నమోదు 5. వానకు 56 రోజులు.

మధ్యాహ్నం నూకరత్నం వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, మా వార్డులో కాయితం అంటించీసినారు. ఈ అప్పుకి నాను కూడా ఒప్పుకున్నానని. నానెప్పుడు ఒప్పుకున్నానమ్మా?"

"మినిట్స్‌లో అలాగే ఉంది" అన్నాను.

"నాను ఊ కొట్టినాను. ఒకలు సెప్తంటే ఇనేటోళ్లు ఊ కొట్టకపోతే ఆళ్లకి బాదేయదా? అది ఒప్పుకున్నట్టేటి?"

నేను కాగితాలు తిరగేశాను. ఆవిడ బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది. వేళ్ల నిండా పాత కోతలున్నాయి.

"ఇనండి. సముద్రంలో ఉత్తరం పక్కనున్న పాత కంపెనీ గొట్టాల జల్లెళ్లు ఇరవై రెండేళ్లు కడిగినాను నాను. ఎండలు ముదిరితే అటేపు జెల్లీ చేపలు వొచ్చీస్తాయి. ఒకటీ రెండూ కాదు, దిబ్బలు దిబ్బలు. గొట్టం నోరు మూసీస్తాయి. ఏ యంత్రమైనా ఆగిపోవాల్సిందే. దచ్చినం పక్కకైతే పర్లేదు. అందుకే అడిగినాను ఏ పక్కని. తెలుసుకునీసి సెప్దామనుకున్నాను, ఈలోపే అయిపోనాది."

ఇరవై రెండేళ్లు! ఆవిడ ఫైలు నా బీరువాలోనే ఉంది. ఆడదని ఉంది, కులముంది, వార్డుంది, చదువు లేదని ఉంది. ఏం పని చేసేదో ఎక్కడా లేదు. ఫారంలో దానికి గడి లేదు మరి. ఇంతమంది తెలివైనవాళ్లు కలిసి, ఈవిడ దగ్గర అక్కరకొచ్చే సంగతి ఒక్కటుంటే, అది ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ రాసుకున్నారు. ఒళ్లు మండిపోయింది నాకు.

"మీరు ఇన్నారు కదమ్మా? మీ సంతకం ఉన్నాది కదా కాయితం మీద?"

"యంత్రం రాసింది. వందల పేజీలు. ప్రతి ముక్కా వినడం అవుతుందా?" అన్నాను.

"అవును లెండి. మీకూ పనులుంటాయి" అంది. నిజంగానే నమ్మి అంది. ఆ నమ్మడం చూసి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

నమోదు 6. వానకు 49 రోజులు.

జెల్లీ చేపలు వచ్చాయి. గొట్టం నోరు ఉత్తరం వైపే.

తేటజల వాళ్లు దీన్ని "తాత్కాలిక జీవసంబంధ అంతరాయం" అన్నారు. గొట్టంలో చేపలు ఇరుక్కున్నాయి అనడానికి నోరు రాలేదు పాపం. నానబెట్టిన పొరలు ఎండిపోయి చిట్లాయట. వాటిని మళ్లీ నానబెట్టాలి, కాబట్టి రెండో విడత తొందరగా పంపమని ఉత్తరం. పోసిన నీళ్లు సముద్రంలో కలిసిపోయాయి గానీ నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

ఖజానా కాపాడటానికి రేషన్ మొదలైంది. గట్టు మీది వాళ్లు "ప్రాధాన్య డిపాజిటర్లు" కాబట్టి వాళ్లకి కోత లేదు. పల్లం వార్డుకి మనిషికి రోజుకి ఏడు లీటర్లు. తాగడం, వండటం, కడగడం, చంటిపిల్లల గుడ్డలు, అన్నీ అందులోనే.

రేషన్ ఫైలు మీద చిన్నమ్మాయి, సీమ పెద్దాయన, పశువైద్యుడు ముగ్గురూ తలో చోట నుంచి సందేశాలు పంపారు: "ఇది సమతుల్యమైన చర్య." ముగ్గురికీ అచ్చుతప్పు కూడా ఒకటే.

నమోదు 7. వానకు 56 రోజులు.

లెక్క తప్పు కాదు. ఇవాళ నలభై ఏడు అని రాయాల్సింది. వాన కార్యాలయం పొద్దున తేదీని తొమ్మిది రోజులు వెనక్కి జరిపింది. రేషన్ ఏడు నుంచి అయిదు లీటర్లకి దిగింది.

నమోదు 8. వానకు 53 రోజులు.

హాజరు పత్రం మీద నూకరత్నం వేలిముద్ర కావాలన్నారు. హాజరు లేకపోతే మార్కులు తగ్గుతాయి. ఊరు ఎండిపోతున్నా ఆ తొంభై ఏడు మాత్రం తగ్గకూడదు! పత్రం పట్టుకుని పొద్దున్నే పల్లం దిగాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ మెట్లు దిగడం ఇది మూడోసారో నాలుగోసారో.

వీధి కుళాయి దగ్గర బిందెల వరస ఉంది. అక్కడి పద్ధతేమిటంటే మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. బిందె ఎక్కడుంటే మనిషి వంతు అక్కడ. ఒకరి బిందెని ఇంకొకరు ముట్టుకోవడమంటే కొట్లాటే. నేను నిలబడి చూస్తుండగానే ఇద్దరాడవాళ్లు వరస మధ్యలోంచి ఒక రాగి బిందెని తీసి చివర పెట్టారు. వెనకున్నవాళ్లు తమ బిందెలు ముందుకి జరుపుకున్నారు.

"అదెవరిది?" అన్నాను.

"బేంకులో కూకుని మా నీళ్లు అమ్మీసింది కదా, ఆ నూకరత్నానిది" అంది ఒకావిడ. "రోజూ తెల్లారకుండా తెచ్చి ముందు పెడతాది. మేం రోజూ ఎనక పెడతాం. కుళాయి ఆగిపోయే యేళకి దాని వంతొస్తాది."

నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఉంది. పెదవులు పగిలి ఉన్నాయి. కొడుకూ కోడలూ బిడ్డని తీసుకుని వేరే వీధిలో ఉంటున్నారు, ఆవిడతో ఉంటే వాళ్ల బిందె కూడా వెనక్కి పోతుందని. వారం నుంచీ పక్కింటి ముసలాయన దొంగచాటుగా ఇచ్చే చెంబుడు నీళ్లతో గడుపుతోంది.

"నలపై యేళ్లు ఈ ఈదిలో ఉన్నాను" అంది. "ఎవల పెళ్లికైనా, ఎవల సావుకైనా ముందు నన్ను పిలిసేవోళ్లు. ఇప్పుడు ఎదురొస్తే మొకం తిప్పుకుంటన్నారు. నీళ్లకేటి, తాగినా తాగకపోయినా పర్లేదు. అమ్మీసిందంటన్నారు సూడండి, అది మింగలేకపోతన్నాను."

వేలిముద్ర వేసింది. ఎందుకని అడగను కూడా లేదు. ఆ పత్రం పట్టుకుని మెట్లెక్కుతుంటే నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. ఆ చప్పుడు భరించలేక కట్టేశాను.

నమోదు 9. వానకు 52 రోజులు.

రెండో విడత గేటు ఎల్లుండి ఎత్తాలి. పొద్దున్నే సవరణ పత్రం పెట్టాను. "శ్రీమతి గరికిన నూకరత్నం పలికిన 'ఊఁ' వింటున్నట్టు తెలిపే పలుకు మాత్రమే, సమ్మతి కాదు. యంత్ర దోషం వల్ల తప్పుగా నమోదైనది. ఏకగ్రీవం లేదు. అప్పు చెల్లదు."

మార్తాండరావు గారు పిలిపించారు. ఉద్యోగం పోయిందనుకునే వెళ్లాను.

"ఏమిటిది హైమవతి గారూ? ఇన్నాళ్లూ నిద్రపోయారా?"

"ఆవిడ ఒప్పుకోలేదు సార్. రెండో గేటు ఎత్తితే పల్లంలో ప్రాణాలు పోతాయి."

ఆయన కాగితం మళ్లీ చదివారు. "యంత్ర దోషం" అనే మాట దగ్గర వేలు ఆగింది. మొహం విప్పారింది.

"యంత్ర దోషమే కదా? అంటే మనలో ఎవరి మీదకీ రాదు కదా?"

"రాదు సార్."

"మరి ఇంత మంచి కాగితం ఇన్నాళ్లు మీ దగ్గర పెట్టుకున్నారేమిటండీ! తేటజల ఎలాగూ మునిగేలా ఉంది. ఎలా బయటపడాలా అని నేను వారం నుంచీ జుట్టు పీక్కుంటున్నాను." ఆయనే లేచొచ్చి నాకు కుర్చీ జరిపారు. టీ తెప్పించారు.

గేటు ఎత్తరు. నా ఉద్యోగానికీ ఇంటికీ ఏమీ కాలేదు. నన్ను నేను బలిపెట్టుకుంటున్నానని పొద్దున చీర కొంగు బిగించి వెళ్లాను. చేసింది చూస్తే, ఆయన జారుకోవడానికి ఒక నిచ్చెన, నేను జారుకోవడానికి ఇంకో నిచ్చెన. యంత్రానికి నోరుంటే మా ఇద్దరి మొహాల మీదా ఉమ్మేసేది.

నమోదు 10. వానకు 31 రోజులు.

తేటజల మూతపడింది. దానికి రెండు విడతలూ పోసిన పక్క పట్నాల నీటి బ్యాంకులు రెండూ ఎండిపోయాయి. అక్కడికి ఓడల్లో నీళ్లు తోలుతున్నారు. మేం సగమే పోగొట్టుకున్నాం.

ఇవాళ సలహా కంపెనీ నివేదిక వచ్చింది. చెవిపూసలు అమ్మింది ఈ కంపెనీయే. మునిగిన బ్యాంకుల రిస్క్ కమిటీల సూచికలు నలభై ఒకటి, యాభై. మాది తొంభై ఏడు. "భిన్నత్వం నష్టాన్ని సగానికి తగ్గించిందని ఆధారాలతో రుజువైంది." ఒక గ్రాఫు కూడా ఉంది, గీత చక్కగా పైకి పోతోంది. అట్ట మీద నూకరత్నం ఫొటో. పాతది, పెదవులు పగలకముందుది. మార్తాండరావు గారికి శాలువా కప్పుతారట.

ఆ గ్రాఫు అబద్ధమని కూడా అనలేను. అదే నాకు ఏడుపొచ్చే సంగతి. నూకరత్నం అక్కడ కూర్చుని ఉండబట్టే ఆ సగమైనా మిగిలింది. ఆవిడ అడిగిన ప్రశ్నకి ఆ రోజే ఎవరైనా జవాబు చెప్పి ఉంటే మొత్తం మిగిలేది. తేడా గల మనిషిని తెచ్చి కూర్చోబెట్టడం వరకు బాగానే చేశారు. ఆవిడ నోటికి టీ కప్పు అడ్డం పెట్టిన సంగతి గ్రాఫులో ఎక్కడ గీస్తారు?

నమోదు 11. వానకు 29 రోజులు.

నూకరత్నం మళ్లీ వచ్చింది. నడుస్తుంటే గోడ పట్టుకుంటోంది. సవరణ పత్రం వార్డులో అంటించారట. ఎవరూ నమ్మలేదట, బ్యాంకోళ్లు ఆవిడ్ని కాపాడుకుంటున్నారని.

"మీరొచ్చి సదవండమ్మా. ఇన్నది మీరే కదా. కాయితం నమ్మరు గానీ మనిసి నోటితో సెప్తే నమ్ముతారు."

వెళ్లాను. కుళాయి ఇంకా రాలేదు. బిందెల పక్కన అరవై, డెబ్భై మంది ఉన్నారు. సవరణ పత్రం మొత్తం చదివాను. ఊఁ అంటే ఒప్పుకోవడం కాదనేసరికి ఒకరిద్దరు నవ్వారు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

బిందెలు వెనక్కి జరిపిన ఆవిడే ముందుకొచ్చింది. "యంత్రానికి తెల్దు సరే. దాని కింద సంతకం ఎట్టిన మనిసికి తెలుగు రాదేటి?"

నూకరత్నమే నా తరఫున జవాబు చెప్పింది. "ఆయమ్మ ఆ ముక్క ఇన్లేదు. వందల పేజీలుంటాయంట."

నెల రోజులు చెంబుడు నీళ్లతో బతికిన మనిషి నన్ను వెనకేసుకొస్తోంది. అక్కడితో నావల్ల కాలేదు.

"విన్నాను" అన్నాను. "నలభై మూడూ విన్నాను. అది ఒప్పుకోవడం కాదని ఆ రోజే తెలుసు. నా ఇల్లు పోతుందని సంతకం పెట్టాను."

నూకరత్నం నా వైపు తిరిగింది. ఇన్నాళ్లుగా నేను లోకం మొత్తాన్నీ ఏ చూపుతో చూస్తున్నానో, ఆ చూపు మొదటిసారి నా మీద పడింది. తల దించుకుందామనుకున్నాను, దించుకోనివ్వలేదు.

"ఇప్పుడు సెప్పింది ఆ కాయితం మీదున్నాదా?" అంది.

"లేదు."

"రాయి."

అమ్మా లేదు, అండీ లేదు. ఎవరో పెన్ను ఇచ్చారు. పత్రాన్ని గోడకి ఆనించి, యంత్ర దోషం అన్న మాట కొట్టేసి, కింద రాశాను: "లేఖకురాలు పొన్నాడ హైమవతి పూర్తిగా విన్నది. తప్పని తెలిసీ సంతకం చేసినది." రేపు పొద్దున ఇది ఆఫీసు ఫైల్లో పెట్టాలి. మధ్యాహ్నానికల్లా గట్టు మీది ఇంటి తాళాలు అడుగుతారు.

నాలో నేను చదువుకున్నట్టు మెల్లగా చదివాను. నూకరత్నం నా పక్కనే నిలబడింది.

"గట్టిగా సదువు. ఎనకున్నోళ్లకి ఇనబడాల."

మళ్లీ మొదటి నుంచి చదివాను.